మూడో నీటిగదిలో నూట పన్నెండు దీపాలు

అడుగుపేట పట్టణ నమోదు పుస్తకం, అరవై ఒకటో సంవత్సరం. రాస్తున్నది నమోదు అధికారి దుగ్గిరాల సత్యకేశవులు.

నమోదు చేయువారు ముందుగా పద్ధతిని స్మరించుట ఆచారము గనుక స్మరిస్తున్నాను. ఉన్నదానిని రాయవలెను, చేయవలసినదానిని రాయరాదు. తలుపు తెరిచి ఉన్నది అనవచ్చును. తలుపు తెరువుము అనరాదు. ఒక పని, దాని వెనుక మరొక పని, ఆ వెనుక ఇంకొకటి అని వరుస కట్టి రాసినది స్క్రిప్టు అనబడును. స్క్రిప్టు రాయుట నేరము. ఇంటింటి తెరలనూ, ఆ తెరల వెనుక ఉన్న తలుపులనూ పంపులనూ మన పూర్వులు స్క్రిప్టులతో నడిపిన రోజుల్లో, ఒక స్క్రిప్టు రెండో దాని కోసం, రెండోది మొదటి దాని కోసం ఎదురుచూస్తూ కూర్చోగా రెండో వీధి మొత్తం సముద్రంలో కలిసింది. అప్పటి నుంచి ఏది ఎట్లా ఉండాలో ప్రకటన పత్రంలో ప్రకటించడం వరకే మన పని. అట్లా ఉండేట్టు చూడడం సాధకం అనే యంత్రం పని. అది ఏ దారిన పోతుందో అడగడం మర్యాద కాదు.

నమోదులకు వేసే అంకెలూ వేళలూ వరుసనే సూచిస్తున్నాయి గదా అని గతంలో ఒక సభ్యుడు ఆక్షేపించాడు. అవి అలంకారం కొరకేనని సభ తీర్మానించింది. అలంకారానికి తన నియమావళి తప్ప వేరే నిబంధన ఏదీ వర్తించదు. చట్టంలో ఉన్నది కాబట్టి రాశాను, అంతకు మించి ఉద్దేశం లేదు.

1. ఉదయం 7.10

టీ ప్రకటించాను: "టీ వేడిగా ఉంది. చక్కెర తక్కువగా ఉంది." టీ వేడిగానే వచ్చింది, పాకంలా వచ్చింది. విచారించగా, సాధకం అల్మరాలోని డబ్బాలో చక్కెర తగ్గించి ఊరుకున్నట్టు తేలింది. పత్రం ప్రకారం ఎక్కడా లోపం లేదు. తాగాను.

నా కార్యాలయం కిటికీకి అవతల సముద్రం. పట్టణంలోని కిటికీలన్నిటినీ బయటి నుంచి తుడిచే ఉద్యోగిని మైలపల్లి నూకరత్నం ఈ ఉదయం నా కిటికీని సగం వరకు తుడిచింది. బ్రష్షు పిడి విరిగింది. విరిగిన ముక్కను అద్దం దగ్గరగా చూపించి, ఇంకొకటి తెచ్చుకుంటానని సైగ చేసి, పట్టణానికీ సముద్రానికీ నడుమ రాకపోకలు సాగే మూడో నీటిగది వైపు ఈదుకుంటూ వెళ్ళింది. ఇంకా తిరిగి రాలేదు.

2. ఉదయం 7.40

ఫోను మోగింది. ఈదే కవచంలోని ఫోను నుంచి.

"రాతబాబూ, నాను నూకరత్నాన్ని. మూడో గదిలో ఉన్నాను. బైట తలుపు మూసుకున్నాది. నీళ్ళు దిగట్నేదు, లోపలి తలుపు తెరుచుకోట్నేదు."

నేను తెర చూశాను. "పత్రం ప్రకారం బయటి తలుపు తెరిచి ఉంది" అన్నాను.

"నా సెయ్యి దాని మీదే ఉన్నాది బాబూ. మూసుంది."

"పత్రంలో తెరిచి ఉంది."

"అయితే పత్రాన్ని ఇటు రమ్మను. ఆ తెరిసున్న తలుపులోంచి ఈదుకుంటా ఎలిపోమను, నాను సూత్తాను."

కారణం ఆమే చెప్పింది. తలుపు స్థితిని సాధకానికి తెలిపే కన్ను బయటి వైపు ఉంటుంది. దాని మీద అరచేయంత ఆల్చిప్ప అంటుకుని ఉండడం లోపలికి వస్తున్నప్పుడు ఆమె చూసింది. రేపు గీకుదామనుకుంది. కన్ను మూసుకుపోతే తలుపు తెరిచి ఉన్నట్టే లెక్క.

పత్రంలోని వాక్యాలు ఇవి. పంపు: బయటి తలుపు మూసి ఉన్నప్పుడు నడుస్తూ ఉంటుంది. లోపలి తలుపు: బయటి తలుపు మూసి ఉన్నప్పుడు తెరిచి ఉంటుంది. గది: బయటి తలుపు తెరిచి ఉన్నప్పుడు నీటితో నిండి ఉంటుంది. సాధకం దృష్టిలో గది ఎట్లా ఉండాలో సరిగ్గా అట్లాగే ఉంది. ఇక బయటి తలుపు తెరిచే ఉంది గనుక దాన్ని తెరవవలసిన పని కూడా ఎవరికీ లేదు.

"గాలి ఎంతవరకు ఉంది?" అని అడిగాను.

"ఆరు గంటల సీసా. ఆరున్నరకి తగిలించుకున్నాను. లెక్క నువ్వే కట్టు, రాతోడివి కదా."

పన్నెండున్నర. కట్టిన లెక్కను ఆమెకు చెప్పాను.

3. ఉదయం 8.15

మూడో నీటిగది దగ్గరికి వచ్చాను. ఇకపై నమోదులు ఇక్కడి నుంచే.

లోపలి తలుపుకు పిడికిలంత అద్దం ఉంది. అందులోంచి ఆమె కనబడుతున్నది. గది నిండా నీరు. ఆమె గోడకు ఆనుకుని నిలబడి, గాలి ఆదా కోసం కదలకుండా ఉంది.

"బయటి తలుపు మూసి ఉంది" అని నా అధికార పరిధిలో ఒక ప్రకటన చేశాను. మూసి ఉన్న తలుపును సాధకం ఇంకా మూయడం మొదలుపెట్టింది. మోటారు మూలుగుతున్నది. కన్ను మాత్రం తెరిచి ఉన్నదనే చెబుతున్నది. మోటారు కాలుతున్న వాసన రాగా ప్రకటనను ఉపసంహరించాను.

లోపలి తలుపు గది వైపుకు తెరుచుకుంటుంది. నీరు ఒత్తుతున్నంతసేపు ఇటు నుంచి నలుగురు నెట్టినా కదలదు. ఇదివరకు పంపును చేత్తో తిప్పే చక్రం ఉండేది. చక్రం తిప్పడం ఒక పని వెనుక ఒక పని చేయడమే గనుక నలభయ్యో ఏట దాన్ని తీసివేశారు. గోడ మీద గుండ్రటి మచ్చ మిగిలింది.

బయటికి ఇంకొకరిని పంపి ఆల్చిప్పను గీకించవచ్చు. ఈదే కవచాలు రెండు ఉన్నవి అని పత్రంలో ఉంది. రెండోది ఆరేళ్ళుగా పత్రంలోనే ఉంది.

4. ఉదయం 9.00

సభ అత్యవసరంగా సమావేశమైంది. అధ్యక్షురాలు పేరి విశాలాక్షి గారు కళ్ళజోడు తుడుచుకుంటూ నన్ను అడిగారు.

"ఆ పంపు నడిస్తే చాలంటారా, సత్యకేశవులు గారూ?"

"చాలునండి. ఇరవై నిమిషాలు."

"అయితే 'పంపు నడుస్తూ ఉంది' అని ప్రకటిద్దాం. ఇంతోటిదానికి మమ్మల్ని టిఫిను దగ్గర్నుంచి లేపాలా?"

"పద్నాలుగు గదులకూ పత్రం ఒక్కటేనండి. ప్రకటించిన క్షణం నుంచి పద్నాలుగు పంపులూ నడుస్తాయి. తలుపులు తెరిచి ఉన్న గదుల్లో సముద్రాన్నే తోడతాయి. పది నిమిషాల్లో కాలిపోతాయి. ఆపైన పట్టణంలో నీరు తోడేవి ఏవీ ఉండవు."

"ఒక్క మూడో గదికి, ఒక్కసారికి అని రాయండి."

"పంపుల వాక్యానికి గది అంకె పట్టదండి. ఒక్కసారి అనే మాటయితే పత్రంలోనే లేదండి."

"ఎందుకు లేదు?"

ఆమె పక్కనున్న వృద్ధ సభ్యుడు సమాధానం చెప్పాడు. "ఒక్కసారి అంటే ఒక చోట మొదలవుతుందమ్మా, ఇంకో చోట ఆగుతుంది. మొదలూ, ఆ తర్వాత ఆగడమూ ఉన్నాయంటే అది స్క్రిప్టే. రెండో వీధిని మరిచిపోయామా?"

ఎవరూ మరిచిపోలేదు. అందరూ ఒక నిమిషం మౌనం పాటించారు. ఆ నిమిషానికి అయిన గాలిని నేను మనసులో తీసివేసుకున్నాను.

"అసలు మనకు కావలసింది ఏమిటి?" అన్నారు విశాలాక్షి గారు. "పంపు కాదు గదా. ఆ మనిషి అందులో చిక్కుకొని ఉండకూడదు. అదే ప్రకటిద్దాం. ఎట్లాగన్నది సాధకం చూసుకుంటుంది. అరవై ఏళ్ళుగా చూసుకుంటున్నది."

తీర్మానం ఏకగ్రీవం. "మూడో నీటిగదిలో ఎవరూ చిక్కుకొని లేరు." ముద్ర నేనే వేశాను. ఉదయం తాగిన టీ అప్పుడు నాకు గుర్తుకు రావలసింది.

5. ఉదయం 9.50

ప్రకటన అమలు కావడానికి నాలుగు సెకన్లు పట్టింది.

అప్పటికి నూకరత్నం ఫోనులో ఉంది. "రాతబాబూ, సెప్పడం మర్సిపోనాను, నీ కిటికీ కింద మూల—" అన్నది. ఫోను ఆగిపోయింది.

సాధకం తన ముందున్న దారులలో అన్నిటికంటె దగ్గరి దారిని ఎంచుకుంది. పట్టణవాసుల జాబితా నుంచి మైలపల్లి నూకరత్నం పేరు తీసివేసింది. పేరు లేనప్పుడు వ్యక్తి లేరు. వ్యక్తి లేనప్పుడు చిక్కుకున్నవారు లేరు. ఫోను వ్యక్తులకే ఉంటుంది గనుక ఫోనూ లేదు. తెర మీద మూడో గది పక్కన పచ్చ గుర్తు వచ్చింది. సభ చప్పట్లు కొట్టింది. విశాలాక్షి గారు టిఫినుకు వెళ్ళారు.

నేను అద్దంలోంచి చూశాను. ఆమె చెవి దగ్గర తట్టుకుంటున్నది.

6. ఉదయం 10.05

గోడలోని గొట్టం మీద కొడుతున్న చప్పుడు. మూడు దెబ్బలు, ఆగడం, మూడు దెబ్బలు. గొట్టాన్ని కొట్టే వ్యక్తి లేరు గనుక దీనిని "గొట్టంలో శబ్దం" అని నమోదు చేస్తున్నాను.

అలంకరణ విభాగం ఉద్యోగి సూరాడ ఎల్లాజీ పరుగెత్తుకుంటూ వచ్చాడు. నూకరత్నానికి తమ్ముడు. ముప్ఫై ఏళ్ళవాడు. తొమ్మిది రోజుల్లో పట్టణ స్థాపన దినం గనుక వీధి తెరల మీద వెలిగే దీపాల మాలలు అమరుస్తున్నాడు. మెడలో ఇంకా ఒక తీగ వేలాడుతున్నది.

"మా ఇంటి తెర మీద అప్ప పేరు నేదు. బియ్యం వాటా ఒకటి తగ్గిపోనాది. ఏటైనాది బాబూ?"

చెప్పాను. దాచడానికి పుస్తకంలో చోటు లేదు.

అతను అద్దానికి ముఖం ఆనించాడు. లోపల ఆమె అతన్ని గుర్తుపట్టి, విరిగిన బ్రష్షు పిడి ఎత్తి, నెత్తి మీద కొడతానన్నట్టు ఆడించింది. అతను నవ్వబోయాడు. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

"ముద్ర ఎవులు ఏసినారు?"

"నేను."

"ఏయడం వచ్చినోడికి తియ్యడం రాదేటి?"

తీయవచ్చు. అయితే, లేని మనిషిని తిరిగి ఉంచాలంటే జనన నమోదు ఒక్కటే దారి. దానికి శిశువును చూపించాలి. ఈ సంగతి చెబితే అతను వెళ్ళి గోడ దగ్గర కూర్చున్నాడు.

7. ఉదయం 10.40

రెండు గంటల గాలి కూడా మిగలలేదు. ఎల్లాజీ లేచాడు. జేబులోంచి అలంకరణ పత్రం తీసి నా ముందు పరిచాడు. దీపాల మాల అందులో ఇట్లా ఉంది: రెండో దీపం, మొదటి దీపం ఆరిన పిదప వెలుగుతుంది. మూడో దీపం, రెండోది ఆరిన పిదప వెలుగుతుంది.

"బాబూ, ఇది వరసే కదేటి?"

"వరుసే. కాని అలంకారం."

"ఇది పత్రంతో తేడా పడితే?"

"అలంకారం పత్రంతో విభేదిస్తే దాన్ని అబద్ధం అనరు. అందం అంటారు. సెక్షన్ తొమ్మిది."

"అయితే దీపానికి బదులు పంపు పెడతాను."

నేను పెన్ను కింద పెట్టాను. అలంకరణ నియమావళి నాకు కంఠస్థం. ఒక దీపం పదకొండు సెకన్లకు మించి వెలగరాదు. ఒక మాలలో దీపాలు నూట పన్నెండుకు మించరాదు. మాల పూర్తయ్యాక మళ్ళీ మొదటికి వస్తుంది. నూట పదకొండు దీపాలూ ఆ పంపే అయితే, వరుసగా వెలిగితే, ఇరవై నిమిషాల ఇరవై ఒక్క సెకన్లు అవుతుంది. నీరు దిగడానికి అది చాలు. నూట పన్నెండో దీపం లోపలి తలుపు. అది పదకొండు సెకన్లు తెరిచి ఉంటుంది.

పంపు నడుస్తున్నంతసేపు గదిలోకి నీరు వదిలే కవాటం తెరుచుకోదు. అప్పటికి పంపు ఆగిపోతుంది. బయటి తలుపు తెరిచి ఉన్నదనుకునే సాధకం గదిలో నీరు లేకపోవడాన్ని ఒక్క క్షణం కూడా సహించదు. తలుపు తెరుచుకున్న క్షణమే కవాటంలోంచి సముద్రం కూడా రావడం మొదలుపెడుతుంది. ఆమె అరవై కిలోల కవచంతో, ఐదు గంటలు నిలబడ్డ కాళ్ళతో, పదకొండు సెకన్లలో గడప దాటాలి. దాటకపోతే గది మళ్ళీ నిండుతుంది. ఇంకో ఇరవై నిమిషాలకు సరిపడే గాలి ఆమె దగ్గర ఉండదు.

"పంపుని దీపం అని ఎవులు ఒప్పుకుంటారు?" అన్నాడు ఎల్లాజీ.

ప్రతి దీపాన్నీ నమోదు అధికారి స్వయంగా చూసి, దీపమే అని ధ్రువీకరించాలి. తప్పుడు ధ్రువీకరణ చేసిన అధికారి పేరు జాబితాలోంచి పోతుంది. అది ఎట్లా పోతుందో ఈ ఉదయం నేను చూశాను. నాకు యాభై రెండేళ్ళు. ఇరవై ఆరేళ్ళుగా ఒక్క తప్పుడు నమోదు లేదు.

గొట్టంలో శబ్దం. ఈసారి రెండే దెబ్బలు.

"ఆ పత్రం ఇటు ఇవ్వు" అన్నాను.

8. ఉదయం 11.15

దీపం ఒకటి: మూడో నీటిగది పంపు. చూశాను. దీపమే.

దీపం రెండు: అదే పంపు. చూశాను. దీపమే.

ఒక్కొక్క ముద్రకు ఇరవై సెకన్లకు పైగానే పడుతున్నది. ముద్రకూ ముద్రకూ నడుమ పరిశీలన విరామం ఉండాలని నియమం. నలభయ్యో దీపం దగ్గర ఎల్లాజీ ఆగలేకపోయాడు.

"తొందరగా గుద్దు బాబూ."

"వంకర పడిన ముద్ర చెల్లదు. కాగితం కదపకు."

"కదుపుతున్నది నాను కాదు, నువ్వు."

నిజమే. ఎడమ చేత్తో కాగితాన్ని అదిమి పట్టి కొనసాగించాను. ఎల్లాజీ అద్దం దగ్గరికి వెళ్ళి తలుపును చూపించాడు, రెండు చేతుల వేళ్ళన్నీ చాపి, ఇంకొక వేలు చాపాడు. పరుగెత్తినట్టు నటించాడు. ఆమె అర్థమైనట్టు తల ఊపింది. తరువాత తన బూట్ల వైపు చూపించి తల అడ్డంగా ఊపింది. కవచం పైకి తేలిపోకుండా ఉంచే ఆ బూట్లు సీసంవి.

9. మధ్యాహ్నం 12.00

నూట పన్నెండు. చూశాను. దీపమే. మాల వెలిగింది.

పంపు పదకొండు సెకన్లు నడిచి, ఆగి, మళ్ళీ నడిచింది. అద్దంలో నీటి గీత ఆమె తల మీది నుంచి దిగి కళ్ళ దగ్గరికి వచ్చింది. మాలలన్నీ ఒకదానితో ఒకటి కలిసి ఉన్నందున, పట్టణంలోని ప్రతి తెర మీదా దీపాలు ఒకదాని వెంట ఒకటి పరుగెత్తాయి. పండుగ ముందే వచ్చిందనుకుని జనం వీధుల్లోకి వచ్చారు. ఎక్కడో డప్పులు కూడా మొదలయ్యాయి.

12.11. నీరు నడుము దగ్గర. ఆమె ఒక బూటు పట్టీ విప్పుతున్నది.

12.17. మోకాళ్ళు. రెండో పట్టీ రావడం లేదు. బ్రష్షు పిడితో తవ్వుతున్నది.

12.20. గదిలో నీరు లేదు. ఆమె తలుపు దగ్గర ఉంది. ఒక కాలికి బూటు లేదు. ఇంకో కాలికి ఉంది. ఎల్లాజీ గడప ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

10. మధ్యాహ్నం 12.20, ఇరవై ఒక్క సెకన్లు

తలుపు తెరుచుకుంది. దానితోపాటే కవాటమూ.

ఒకటి, రెండు, మూడు అని నేను పైకే లెక్కపెట్టాను. నాలుగో సెకనుకు ఆమె గడప మీద పడింది. నడుము వరకు ఇవతల, కాళ్ళు అవతల. నీరు మా పాదాల మీదుగా వీధిలోకి పోతున్నది. ఎల్లాజీ ఆమె చంకల కింద చేతులు వేసి లాగాడు. బూటు ఉన్న కాలు గడప అంచుకు తగులుకుంది. ఎనిమిది. నేను పుస్తకాన్ని నీళ్ళలో వదిలేసి ఆ కాలిని పట్టుకున్నాను. తొమ్మిది. పట్టీ తెగింది. కాలు వచ్చింది, బూటు రాలేదు. పదకొండు.

తలుపు మూసుకుంది. అవతల సముద్రం గదిని నింపుతున్న చప్పుడు. మాల మళ్ళీ మొదటి దీపం దగ్గర మొదలైంది.

ఎల్లాజీ ఆమె శిరస్త్రాణం విప్పాడు. సీసా ముల్లు సున్నా మీద ఆగడానికి వెంట్రుక వాసి దూరంలో ఉంది. పెదవులు నీలంగా ఉన్నాయి. చాలాసేపు దగ్గింది. కళ్ళు తెరిచి నన్ను చూసింది.

"నీ కిటికీ కింద మూల కూడా ఆల్చిప్ప ఉన్నాది రాతబాబూ" అంది. "అదే సెప్తన్నాను, మధ్యలో ఫోను పెట్టీసినావు."

11. సాయంత్రం 4.00

సభ విచారణ జరిపింది. తడిసిన పుస్తకాన్ని ఎండబెట్టే దీపం కింద పెట్టి, విడి కాగితాల మీద రాస్తున్నాను.

మూడో గదిలో ఎవరైనా ఉన్నారా అన్నది మొదటి ప్రశ్న. ఎవరూ లేరని సభ స్వయంగా ప్రకటించింది. కనుక ఎవరూ లేరు. ఎవరూ లేని గదిలోంచి ఎవరినీ రక్షించలేదు. రక్షణ జరగలేదు గనుక స్క్రిప్టు నడవలేదు. స్క్రిప్టు నడవలేదు గనుక నేరం లేదు, వెలిగినవన్నీ దీపాలే గనుక నా ముద్రలలో తప్పూ లేదు. ఈ తర్కాన్ని నేనే సమర్పించాను. విశాలాక్షి గారు రెండుసార్లు చదివించుకుని, లోపం కనబడక, సంతకం చేశారు.

మాలను ఆర్పేముందు తలుపు మరోసారి తెరుచుకున్నప్పుడు గదిలో దొరికిన రెండు సీసపు బూట్ల మీద చర్చ గంట నడిచింది. అవి అక్కడే పుట్టినవని తీర్మానించారు. మాలను తొమ్మిది రోజులు ముందుగా వెలిగించినందుకు ఎల్లాజీని మందలించారు. చాలా అందంగా ఉందని కూడా నమోదు చేయమన్నారు.

వెళ్ళబోతూ విశాలాక్షి గారు నా దగ్గర ఆగారు. "ఆమె ఎట్లా ఉంది?" అని మెల్లగా అడిగారు.

"ఎవరండి?"

ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మంచిది" అన్నారు.

12. మరునాడు, ఉదయం 7.10

నూకరత్నం కిటికీ తుడవడానికి తిరిగి వెళ్ళాలంటుంది. జాబితాలో లేని మనిషిని ఏ గదీ గుర్తించదు. ఆమె లోపల ఉన్నా సాధకానికి ఆ గది ఖాళీయే. శిశువుగా నమోదు చేయడానికి ఆమె ఒప్పుకోలేదు.

నా ముద్ర ఒక్కటే సరిపోయే వర్గం పట్టణంలో ఒక్కటే ఉంది. నిన్న రాత కూడా అలవాటైంది.

దీపం: మైలపల్లి నూకరత్నం. చూశాను. దీపమే.

పది నిమిషాల్లో ఎల్లాజీ ఫోను చేశాడు. "బాబూ, అప్ప పేరు మీద ఇంటికి నూనె వచ్చినాది. బియ్యం నేదు."

వెనుక నుంచి ఆమె గొంతు: "దీపానికి నూనె కాక బిర్యానీ పంపుతారేటి? మా ఇంట్లో ఏపుడుకి పనికొస్తాది, ఉండనీ."

బియ్యం సంగతి చూడాలి. ఈలోగా, ఇటువంటి ఘటన మళ్ళీ జరగకుండా నిబంధన ముసాయిదా రాయమని సభ నన్ను ఆదేశించింది. మొదటి వాక్యం సభ చెప్పినది. రెండోది నేను చేర్చాను. అది కేవలం అలంకారమని వివరించగా ఆక్షేపణ లేకుండా ఆమోదించారు.

నిబంధన 412: నీటిగదులలో చిక్కుకొనబోవు ప్రతి వ్యక్తియు చిక్కుకొనుటకు ముందే బయటికి వచ్చి యుండవలెను. అట్లు రానివారు ఆ క్షణము నుండి దీపములుగా పరిగణింపబడుదురు; వారిని ఒకరి పిదప ఒకరిగా వెలుపలికి వెలిగించవచ్చును. దీనిపై అప్పీలు లేదు. ఇది తుది.